నలభై మూడో నంబరు బోణీ

పొద్దున ఎనిమిది గంటలప్పుడు నాచారం మెయిన్ రోడ్డు మీద నిలబడితే, ఒక మనిషి అగ్గిపెట్టె కొనడానికి పెళ్ళికొడుకులా తయారై పోవడం కనిపిస్తుంది. తెల్ల చొక్కా, ఇస్త్రీ లుంగీ, నుదుట విభూతి. తలస్నానం చేసిన జుట్టు ఇంకా తడిగానే ఉంటుంది. పేరు సాంబయ్య. జనగామ వైపు నుంచి వచ్చి ఇక్కడి ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక కంపెనీ ప్యాకింగ్ సెక్షన్‌లో అట్టపెట్టెలకు టేపులు అంటిస్తూ రిటైరయ్యాడు. ఇంట్లో గ్యాసు పొయ్యి ఉంది, దాన్ని ముట్టించే లైటర్ ఉంది. బీడీ తాగడు. అయినా రోజూ ఒక అగ్గిపెట్టె కొంటాడు. ఎందుకంటే ఆయన చెయ్యి మంచిది.

ఈ సంగతి మొదట కనిపెట్టింది కిరాణా గిరిప్రసాద్. గుడివాడ నుంచి వచ్చి దుకాణం తెరిచిన రోజు పొద్దున్నుంచీ వాన. ఒక్క పురుగు కూడా లోపలికి రాలేదట. నైట్ డ్యూటీ దిగి ఇంటికి పోతున్న సాంబయ్య తల దాచుకోవడానికి దూరి, ఊరికే నిలబడితే బాగుండదని ఒక అగ్గిపెట్టె అడిగాడు. ఆ నాణెం గల్లాపెట్టెలో పడిందో లేదో వాన తగ్గింది, జనం వచ్చారు, సాయంత్రానికి అరలు ఖాళీ. వాన తగ్గితే జనం వస్తారని ఎవరికైనా తెలుసు. గిరిప్రసాద్‌కు మాత్రం అది సాంబయ్య చెయ్యి అని తెలిసింది. అప్పటి నుంచి ఆయన బోణీ చేయనిదే ఆ దుకాణంలో ఇంకొకరికి ఉప్పు ప్యాకెట్ కూడా అమ్మరు.

తర్వాత స్టీలు సామాన్ల బాలరాజు కూడా పిలిచాడు. రోజూ గిన్నె కొనలేడు కదా, అక్కడ గిన్నెలు తోమే స్టీలు పీచు కొంటాడు. మందుల దుకాణం వాడు కూడా బతిమాలాడు. సాంబయ్య ఒప్పుకోలేదు. "నా చేతితోని నీ దుకాణం నడవాలంటె బస్తీ బస్తీ జరాలతోని పండాలె. ఆ పాపం నాకెందుకయ్యా?" అని పంపించేశాడు.

ఆయనకు ఈ పని వల్ల వచ్చేది ఏమీ లేదు. ఒక చాయ్, అంతే. కానీ ఎనిమిదింటికి గిరిప్రసాద్ నిలబడి చెయ్యి చాచి, నాణెం తీసుకుని కళ్ళకద్దుకుంటాడు చూడండి, ఆ క్షణం కోసం సాంబయ్య నాలుగింటికే లేస్తాడు. తర్వాత బిల్లు తీసుకుని నంబరు చూసుకుంటాడు. రోజూ ఒకటే. మనం అద్దంలో మొహం చూసుకున్నట్టు ఆయన ఆ ఒకటిని చూసుకుని బయటికి నడుస్తాడు.

ఇంట్లో మాత్రం ఈ చేతికి అంత మర్యాద లేదు. "లగ్గంనాడు నేను పట్టుకున్నది గూడ గదే చెయ్యి. నాకేం కలిసొచ్చింది? అగ్గిపెట్టెలు, పీచులు కలిసొచ్చినయి" అంటుంది ఆయన భార్య వెంకటనర్సమ్మ. మంచం కింద, అలమార మీద, బియ్యం డబ్బా వెనక అన్నీ అగ్గిపెట్టెలే. తోమీ తోమీ గిన్నెల అడుగులు పలచబడ్డాయి.

ఇలా సాగుతున్న మనిషి జీవితంలోకి నేను ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్ళాను.

గిరిప్రసాద్ నారపల్లిలో రెండో దుకాణం తెరిచాడు. అక్కడ ప్లాట్లలో ఇళ్ళు లేస్తున్నాయి, కొత్త జనం దిగుతున్నారు. రెండు దుకాణాలూ ఒకే సాఫ్ట్‌వేర్ మీద నడవాలన్నాడు. నాచారంలో ఏ సరుకు ఎంత ఉందో నారపల్లిలో కనబడాలి, నారపల్లిలో ఎవరేం కొన్నారో నాచారంలో తెలియాలి. నాచారం దుకాణంలో ఒక పాత కంప్యూటర్ ఉంది. అందులో ఇన్నేళ్ళ సరుకుల పేర్లు, కొనేవాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు, బిల్లులు అన్నీ ఉన్నాయి. బిల్లింగ్ మిషన్లు అమ్మే మా కంపెనీ తరఫున ఆ పాత డేటాబేస్‌ను కొత్త మిషన్‌కు కలపడం నా పని.

"ఇంజనీరింగ్ చదివినవాణ్ణి పంపమంటే మధ్యలో మానేసినవాణ్ణి పంపారేంటి మీవాళ్ళు?" అన్నాడు గిరిప్రసాద్ నన్ను చూసి.

"చదివినోళ్ళు ఇంత పాత కంప్యూటర్‌ను ముట్టుకోరు సర్" అన్నాను. అది నిజం కూడా. దాని మీద దుమ్ము తుడవడానికే ఒక పూట పట్టింది.

డేటాబేస్ తెరిస్తే రోజూ మొదటి బిల్లు ఒకటే: సాంబయ్య, అగ్గిపెట్టె, ఒకటి. మర్నాడు మళ్ళీ సాంబయ్య, అగ్గిపెట్టె, ఒకటి. పండగ రోజైనా, బంద్ రోజైనా అంతే. ఇలాంటివి మా పనిలో మామూలు. పొద్దున్నే ప్రింటర్ పని చేస్తుందో లేదో చూడటానికి దుకాణాల్లో అన్నిటికంటే చవక వస్తువు మీద ఏదో ఒక పేరుతో బిల్లు కొట్టి చూస్తారు. సాంబయ్య అంటే అలా ఎవరో అల్లిన పేరు అనుకున్నాను. ఇన్నేళ్ళు రోజూ అగ్గిపెట్టె కొనే మనిషి నిజంగా భూమ్మీద ఉంటాడని ఎవడనుకుంటాడు? ఆ బిల్లులన్నీ వదిలేసి మిగతావి కొత్త మిషన్‌లోకి ఎక్కించాను. కొనేవాళ్ళ పేర్ల పట్టీ మాత్రం మొత్తం ఎక్కింది. అంటే సాంబయ్య పేరు, ఫోన్ నంబరు కొత్త మిషన్‌లోకి వచ్చాయి, ఆయన బోణీలు రాలేదు.

ఇంకొకటి కూడా చేశాను. రెండు దుకాణాల బిల్లులకూ కలిపి ఒకటే వరస నంబర్లు పెట్టాను. ఆడిటర్ అడిగాడు, పెట్టాను.

సోమవారం పొద్దున షట్టర్ లేచింది. కొత్త మిషన్ తళతళలాడుతోంది. సాంబయ్య కుడికాలు ముందు పెట్టి వచ్చి నాణెం ఇచ్చాడు. గిరిప్రసాద్ కళ్ళకద్దుకున్నాడు. నేను బిల్లు తీసి ఇచ్చాను. సాంబయ్య కాగితాన్ని దగ్గరికి పెట్టుకుని చూశాడు, దూరం పెట్టి చూశాడు.

"ఏంది పిలగా ఇది?"

"బిల్లు మామా."

"బిల్లని నాకు ఎర్కనే. నలభై మూడేంది?"

"నంబరు."

"నాకంటె ముందుగాల నలభై రెండు మంది ఏడికెళ్ళి వచ్చిన్రు? షట్టర్ లేపుతుంటె నేను గుమ్మంల నిలబడి ఉన్న."

"ఇక్కడ కాదు మామా, నారపల్లిల. అక్కడ ఆరింటికే తెరుస్తరు. రెండింటికీ ఒకటే వరుస."

గిరిప్రసాద్ మొహంలో రంగు దిగింది. "అంటే ఇవాళ నా బోణీ ఎవరు చేశారయ్యా?"

తెర మీద చూసి చెప్పాను. "కౌశల్. బ్రెడ్ ప్యాకెట్."

"ఎవడా కౌశల్?"

"నాకేం తెలుసు సర్? బ్రెడ్ తింటడు. అంతవరకే ఉంది ఇందులో."

అప్పుడే సాంబయ్య జేబులో ఫోన్ టింగుమంది. కళ్ళజోడు తేలేదు, నా చేతికిచ్చి "సూడు జర" అన్నాడు. నా నోరు నా బుర్ర కంటే ముందు పరిగెత్తుతుంది. గట్టిగా చదివేశాను: "సాంబయ్య గారూ, మా దుకాణానికి స్వాగతం! మీ మొట్టమొదటి కొనుగోలుకు ధన్యవాదాలు. మళ్ళీ మళ్ళీ రండి."

సాంబయ్య నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు.

"మొట్టమొదటి" అన్నాడు సాంబయ్య మెల్లగా. చేతిలోని అగ్గిపెట్టె తీసి కౌంటర్ మీద పెట్టాడు. "వాపస్ తీస్కో సేటు."

"సాంబయ్య గారూ, ఆ మాటనకండి! బోణీ వాపసేంటండీ!"

"గా కౌశల్‌తోనే జేపిచ్చుకో. బ్రెడ్ తినేటోని చెయ్యి మెత్తగుంటది." వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. నాణెం కూడా అడగలేదు.

గిరిప్రసాద్ స్టూలు మీద కూలబడ్డాడు. "ఇప్పుడు దీన్నేం చేయాలి?" అన్నాడు అగ్గిపెట్టెను తాకకుండా చూపించి.

"రిటర్న్ కొట్టాలి సర్."

కొట్టాను. నాచారం దుకాణం ఆ రోజు అమ్మకం ఒక అగ్గిపెట్టె దాకా ఎక్కి, మళ్ళీ సున్నాకు దిగింది. గిరిప్రసాద్ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

మధ్యాహ్నానికల్లా బజారంతా పాకింది. గిరిప్రసాద్ దుకాణంలో సాంబయ్య బోణీ వాపసైందట. ఎందుకు అని ఎవరూ అడగలేదు. మర్నాడు సాంబయ్య మామూలుగా బాలరాజు దుకాణానికి వెళ్తే, బాలరాజు అప్పటికే గల్లాపెట్టెలో డబ్బులు సర్దుకుంటున్నాడు.

"మా బావమరిది వచ్చిండు మామా. తెలువక ఒక గంటె కొన్నడు. బోణీ అయిపోయింది" అన్నాడు మొహం చూడకుండా.

"బావమరిది గంటె కొన్నడా నీ దగ్గర? పైసలిచ్చి?"

"ఇచ్చిండు మామా, ఇయ్యాల."

సాంబయ్య ఇంటికి వెళ్ళి మంచమెక్కాడు. మర్నాడు రాలేదు, ఆ మర్నాడు రాలేదు. అగ్గిపెట్టె సంగతి ఎవడికి కావాలి? బజారు తేల్చుకుంటున్నది ఒకటే, సాంబయ్య చెయ్యి ఇంకా మంచిదా, దాని పని అయిపోయిందా అని. ఇంకో వారం ఇలాగే గడిస్తే ఆయన తెల్ల చొక్కా వేసుకుని పోవడానికి చోటు ఉండదు.

గిరిప్రసాద్ రోజూ నా మీద పడ్డాడు. "గిరాకీ చచ్చిపోయిందయ్యా. నీ మిషన్ వచ్చి నా కొంప ముంచింది. వెళ్ళి ఆయన కాళ్ళు పట్టుకుంటావో చేతులే పట్టుకుంటావో నాకు తెలియదు. తీసుకురా."

వెళ్ళాను. వెంకటనర్సమ్మ తలుపు తీసి నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వేనా కంప్యూటర్ పిలగానివి? దేవునోలె వచ్చినవు బిడ్డా. గీ మూడు దినాలకెళ్ళి ఇంట్లకు ఒక్క పీచు రాలే. కానీ ఈ మనిషి లేస్తలేడు, తింటలేడు, చెయ్యి సూసుకుంట పంటుండు. నువ్వే ఏమన్న జెప్పు."

సాంబయ్య గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. తిరగకుండానే అడిగాడు. "నా బోణీలన్ని ఏం జేసినవు?"

"పాత కంప్యూటర్‌లనే పదిలంగ ఉన్నయి మామా. టెస్టింగ్ బిల్లులనుకొని ఇడిసిపెట్టిన. మల్ల ఎక్కిస్త."

"టెస్టింగంటె?"

"మిషన్ నడుస్తదా లేదా అని పొద్దుగాల కొట్టి సూస్తరు."

సాంబయ్య ఇటు తిరిగాడు. "నేను జేసేది గూడ గదే గదా" అన్నాడు. అక్కడితో నా మీద కోపం కొంత దిగింది. లేచి కూర్చున్నాడు. "సరే, అది సరే. కని ఆ కౌశల్ ఉన్నడు సూడు. పైసలు ఏ చేత్తో ఇచ్చిండు? కుడిదా, ఎడమదా?"

కొత్త సాఫ్ట్‌వేర్ నా ఫోన్‌లో కూడా తెరుచుకుంటుంది. తీసి చూశాను. "చేత్తో ఇయ్యలే మామా. ఫోన్‌తో స్కాన్ జేసిండు."

"చేతికి చెయ్యి తాకలే?"

"తాకలే."

"కండ్లకద్దుకున్నది ఎవలు?"

"ఎవరూ అద్దుకోలే. పైసలొచ్చినయని అక్కడున్న డబ్బా అరుస్తది."

"డబ్బా అరిసింది!" సాంబయ్య భార్య వైపు చూశాడు. "ఇన్నవా? చెయ్యి లేదు, పైస లేదు, డబ్బా అరిసింది. అది బోణీయా?"

"నన్నడుగుతవేంది, నాకేం ఎరుక" అంది వెంకటనర్సమ్మ. ఆయన ఆకలి తిరిగొస్తోందని గ్రహించి అప్పటికే కంచం కడుగుతోంది.

"మిగిలినోళ్ళు? గా నలభై ఒక్క మంది?"

వెతికాను. "అందరూ ఫోన్ మామా. ఆగు. ఒకామె చిల్లర ఇచ్చింది. సుబ్బులు."

సాంబయ్య మెడ నిటారుగా లేచింది. "ఏం కొన్నది?"

"నూనె ప్యాకెట్."

"నూనెనా!" ఆయన చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "పొద్దుగాల పొద్దుగాల నూనెతోని బోణీ ఎవలన్న జేస్తరా? చెల్లదు. కొట్టెయ్. అంటె సోమవారంనాడు నాకంటె ముందుగాల ఎవ్వలు బోణీ జెయ్యలే. నాదే బోణీ. అది నేనే వాపస్ ఇచ్చిన, నా ఇష్టం."

"ఇంక లేచి తినుర్రి తమరు" అంది వెంకటనర్సమ్మ. "సాకు దొరికింది గదా."

"సాకు గాదే. న్యాయం."

మర్నాటికి అన్నీ సరిచేశాను. దుకాణానికొక వరస నంబర్లు, ఆడిటర్ ఏడ్చినా సరే. సాంబయ్య పాత బోణీలు ఒక్కటి కూడా వదలకుండా ఎక్కించాను. పొద్దున ఎనిమిదింటికి తెల్ల చొక్కా గుమ్మంలో కనపడింది. బాలరాజు కూడా తన దుకాణం తెరవకుండా ఎదుటి ఫుట్‌పాత్ మీద నిలబడి చూస్తున్నాడు. లోపల ఒక పెద్దావిడ పాల ప్యాకెట్ పట్టుకుని తొందరపడుతోంది.

"నాదొక్కటి బిల్లు గొట్టుర్రి, పొయ్యి మీద నీళ్ళు పెట్టొచ్చిన."

"ఆగండమ్మా!" అని గిరిప్రసాదూ నేనూ ఒకేసారి అరిచాం. ఆవిడ బెదిరి ప్యాకెట్‌ను గుండెలకు హత్తుకుంది.

సాంబయ్య కుడికాలు పెట్టాడు. నాణెం పట్టుకున్న చెయ్యి చాచాడు. నేను మీట నొక్కాను. బిల్లు నంబరు ఒకటి. ధర: సున్నా.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఆయన పాత బిల్లులన్నీ లోపలికి రాగానే, ఈ రెండు దుకాణాల్లోనూ ఇంతకంటే నమ్మకమైన మనిషి లేడని మిషన్ తేల్చుకుంది. అలాంటివాళ్ళకు ఎప్పుడూ కొనే వస్తువు ఒకటి ఉచితంగా ఇవ్వాలని దానికి నేనే నేర్పాను.

"ఉచితమా?" గిరిప్రసాద్ గొంతు కీచుమంది. "ఉచిత బోణీయా? ఇవాళ పొద్దున్నే సున్నాయా?"

"పుక్కట్ల ఎవలిమ్మన్నరు?" సాంబయ్య కూడా గొంతు పెంచాడు. "నా పైసలు తీస్కుంటవా, తీస్కోవా?"

"నేను తీసుకుంటానండీ, మిషన్ తీసుకోనంటోంది!"

"నా నీళ్ళు మసిలిపోతున్నయి" అంది పెద్దావిడ.

బిల్లు తీసేయడం మా పనిలో పెద్ద తప్పు. ఆడిటర్‌కు తెలిస్తే అరుస్తాడు. తీసేశాను. ఇప్పుడు మళ్ళీ అగ్గిపెట్టె కొడితే మళ్ళీ సున్నాయే వస్తుంది. "మామా, ఇయ్యాలటికి వేరేదేమన్న తీస్కో" అన్నాను. "డబ్బులు పడేది."

ఇన్నేళ్ళలో ఆయన ఆ దుకాణంలో వేరే వస్తువు వైపు చూడలేదు. అరలన్నీ మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. సబ్బులు చూశాడు, బిస్కెట్లు చూశాడు. ఆఖరికి చెయ్యి పైకెత్తి ఒక కొవ్వొత్తి తీశాడు. "ఇంటి నిండ అగ్గిపెట్టెలున్నయి, ముట్టిచ్చేతందుకు ఏం లేకుండె" అన్నాడు.

కొవ్వొత్తి ఒకటి, బిల్లు నంబరు ఒకటి. గిరిప్రసాద్ నాణేన్ని ఒక కంటికి, రెండో కంటికి, మళ్ళీ మొదటి కంటికి అద్దుకున్నాడు. ఎదుటి ఫుట్‌పాత్ మీది నుంచి బాలరాజు పరిగెత్తుకుంటూ పోయి తన షట్టర్ లేపడం మొదలుపెట్టాడు.

చాయ్ తాగుదాం రమ్మని సాంబయ్య నన్ను బయటికి తీసుకెళ్ళాడు. హోటల్ ముందు నిలబడి రెండు గుక్కలు తాగాక, చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"పిలగా, ఒక మాట అడుగుత. నిజం జెప్పాలె. నేను రాని దినాల సేటు దుకాణం ఎట్ల నడిచింది? గిరాకి మస్తు తగ్గిందని మొత్తుకుంటుండట. నీ మిషన్ ఏమంటుంది?"

ఈ ప్రశ్న వస్తుందని నేననుకోలేదు. నేను చూశాను అది. రోజువారీ అమ్మకాలు పక్కపక్కన పెట్టి చూశాను. అబద్ధం చెబితే పోయేదేమీ లేదు. కానీ నాకు అది చేతకాదు.

"ఎప్పటిలెక్కనే నడిచింది మామా."

"తగ్గలే?"

"తగ్గలే."

"జర్ర గూడ?"

"జర్ర గూడ తగ్గలే. పెరగలే కూడా. అదే జనం, అదే సరుకు."

సాంబయ్య చాయ్ గ్లాసు ఎడమచేతిలోకి మార్చుకుని, కుడిచేతిని ఎండలో చాచి అటూ ఇటూ తిప్పి చూశాడు. టేపులు లాగీ లాగీ వేళ్ళ చివర్లు నున్నగా అరిగిపోయిన చెయ్యి. నేను తల దించుకుని గ్లాసు అడుగు చూస్తూ నిలబడ్డాను. నోరు మూసుకుని ఉండాల్సిందని మొదటిసారి అనిపించింది.

"తగ్గలే అంటున్నవు" అన్నాడు.

"అవును మామా."

"నేను ఇంట్ల మంచంల పండుకొని ఉంటె గూడ, ఎప్పటిలెక్కనే నడిచింది."

"అవును."

ఆయన కళ్ళు మెల్లగా చిన్నవయ్యాయి. మూతి ఒక పక్కకు వంగింది. "అంటె గంత దూరంకెళ్ళి గూడ పని జేస్తుందన్నట్టు, ఈ చెయ్యి!"



సాంబయ్య మిగిలిన చాయ్ ఒక్క గుక్కలో తాగేసి, చొక్కా సర్దుకున్నాడు. అవతల బాలరాజు షట్టర్ మొత్తం లేపి, స్టీలు పీచు ఒకటి చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అటు రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చి నా చెవి దగ్గర అన్నాడు.

"సేటుకు మాత్రం జెప్పకు. తెలిస్తె ఇంట్లనే ఉండుమంటడు."